56 ఏపీఓకి (ఆర్మీ పోస్టాఫీసుకి) ఆవకాయ ఎలా పంపాలి?

మా ఆయన ఆర్మీలో ఉన్నారు, ఇప్పుడు లద్దాఖ్‌లో పోస్టింగ్. ఈసారి ఉగాది ఫోన్‌లోనే అయిపోయింది. వేపపువ్వు చూపిస్తుంటే లైన్ కట్! ఇప్పుడేమో మా అత్తయ్య కొత్తావకాయ కలిపి "అబ్బాయికి పంపు" అని ఒకటే పోరు. అడ్రస్ 56 ఏపీఓ, పిన్‌కోడ్ 9తో మొదలవుతుంది. ప్రైవేటు కొరియర్లు అక్కడికి వెళ్లవు, పోస్టాఫీసే దిక్కు. దారిలో నూనె కారితే పక్క పార్సిళ్లూ పాడవుతాయని నా టెన్షన్. గాజు సీసా పగులుతుంది. ప్లాస్టిక్ డబ్బాకి మూత చుట్టూ టేప్ వేస్తే ఆగుతుందా? నూనె తగ్గిద్దామంటే బూజు పడుతుందని అత్తయ్య ఒప్పుకోవట్లేదు (ఆవిడ మాటా నిజమే). మిలిటరీ ఇళ్లవాళ్లు ఎవరైనా ఇలా పంపి ఉంటే ఎలా ప్యాక్ చేశారో, ఎన్నాళ్లకు చేరిందో చెప్పండి. బాబు గీసిన బొమ్మ కూడా అందులోనే పెట్టమంటున్నాడు, దానికి నూనె అంటకూడదు.