1981 కాడిలాక్ వి8-6-4: హైవే మీద కుదుపు, సిగ్నల్ దగ్గర వణుకు

ప్రశ్న (ఒహాయో నుంచి)

అందరికీ నమస్కారం. మా వీధిలోని ఒక పెద్దాయన దగ్గర 1981 కాడిలాక్ డివిల్ కొన్నాను. ఆరు లీటర్ల ఇంజిన్, అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడిచే రకం. సీట్లు, రంగు చెక్కుచెదరలేదు కానీ నడకే బాగోలేదు. హైవే మీద గంటకు 50 మైళ్ల వేగంతో నిలకడగా పోతుంటే ఉన్నట్టుండి కుదుపు వస్తుంది. యాక్సిలరేటర్ కాస్త నొక్కితే ఒక క్షణం తటపటాయించి అప్పుడు దూకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది. మెకానిక్ బానెట్ అయినా ఎత్తకుండా "ఆ వైరు పీకేయండి, పీడ వదులుతుంది" అన్నాడు. ఏ వైరు అది? తీస్తే ఏమైనా నష్టమా?

సమాధానం (టెక్సాస్ నుంచి)

ఆ ఇంజిన్ దింపేసి షెవర్లే 350 ఎక్కించండి. విడిభాగాలు వీధి చివరి కొట్లో కూడా దొరుకుతాయి.

సమాధానం (మిషిగన్ నుంచి, పాత కార్ల మరమ్మతు)

టెక్సాస్ మిత్రులకు నమస్కారం పెట్టి, ఆ సలహాను మాత్రం పక్కన పెడుతున్నాను. ఈ 368 ఘనపుటంగుళాల ఇంజిన్ మొండిఘటం. 1980లో సిలిండర్లు ఆపే ఏర్పాటేమీ లేకుండానే వచ్చింది. మరుసటి ఏడాది దాని నెత్తిన ఈటన్ సంస్థతో కలిసి తయారు చేసిన సోలెనాయిడ్లు (కరెంటు అందితే కదిలే చిన్న మీటలు), వాటిని నడిపే కంప్యూటర్ వచ్చి చేరాయి. చెడ్డపేరు వాటి వల్ల వచ్చిందే. అప్పటి కంప్యూటర్‌కు అంత వేగంగా నిర్ణయాలు తీసుకునే శక్తి లేదు. అందుకే 1982కల్లా మామూలు కార్లలో దీన్ని మానేశారు, లిమోజిన్లలో మాత్రం 1984 దాకా కొనసాగింది.

అసలు విషయానికి వస్తాను. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఈ కారులో సిలిండర్లు ఆగేది ఇంజిన్ వేడెక్కాక, అదీ మూడో గేరులో ఉన్నప్పుడే. సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఎనిమిదీ పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ వణుకుకు, వి8-6-4 ఏర్పాటుకు సంబంధం లేదు. ఏ పాత ఇంజిన్‌లోనైనా వెతికేవే వెతకండి: ఎండి పగిలిన వాక్యూమ్ గొట్టాలు (ఇంజిన్ పీల్పును మోసే సన్నని రబ్బరు గొట్టాలు), ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లు.

ఇక మీ మెకానిక్ చెప్పిన వైరు. గేర్‌బాక్స్ మీద మూడో గేరు పడిందని కంప్యూటర్‌కు చెప్పే స్విచ్ ఒకటి ఉంటుంది. దాని వైరు ఊడదీస్తే కంప్యూటర్‌కు ఆ కబురు అందదు, కారు ఎప్పుడూ ఎనిమిది సిలిండర్లతోనే నడుస్తుంది. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగడం తప్ప ఇంజిన్‌కు హాని లేదు. అయితే దాన్ని మందుగా కాదు, పరీక్షగా వాడండి. తీసి హైవే మీదకు వెళ్లండి. కుదుపు పోతే దోషం సిలిండర్ల మార్పిడిలో ఉన్నట్టు. పోకపోతే ఆ వైరును నిందించి లాభం లేదు.

తీయకముందు ఇంకొక పని చేయండి. డాష్‌బోర్డులో మైలేజీ చూపే పెట్టె మీద, ఎన్ని సిలిండర్లు పనిచేస్తున్నాయో చెప్పే బటన్ ఉంటుంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఆ అంకె చూడమనండి. కుదుపు వచ్చిన క్షణంలో అంకె మారిందా, లేదా? ఇంతకంటే తేలికైన పరీక్ష ఉండదు.

ప్రశ్న వేసినవారు

చూశాం. మా ఆవిడ అంకెలు చదువుతూ వచ్చింది. సిగ్నల్ దగ్గర 8 కదల్లేదు, మీరన్నట్టే. హైవే మీద మాత్రం నా పాదం కదలకపోయినా 8, 6, 4, మళ్లీ 6 అంటూ గంతులు వేసింది. వైరు తీస్తే కుదుపు పూర్తిగా పోయింది. అంటే సోలెనాయిడ్లు పోయినట్టేనా? వాల్వ్ కవర్లు విప్పించాలా?

సమాధానం (మిషిగన్ నుంచి)

ఇప్పుడే విప్పకండి. సోలెనాయిడ్ చేసే పని చాలా చిన్నది. వాల్వ్‌ను తెరిచే రాకర్ ఆర్మ్ తూగుడు బల్ల లాంటిది కదా: నడుమ ఆధారం, ఒక చివరను పుష్‌రాడ్ అనే కడ్డీ ఎత్తితే రెండో చివర వాల్వ్‌ను కిందికి తోస్తుంది. సోలెనాయిడ్‌కు కరెంటు అందగానే నడిమి ఆధారం పట్టు వదులుతుంది. అప్పుడు రాకర్ వాల్వ్ చివరనే ఆనుకుని ఊగుతుంది, వాల్వ్ మూసుకునే ఉంటుంది, ఆ సిలిండర్ పనిచేయదు. ఈ ఏర్పాటు ఉన్నది నాలుగు సిలిండర్లకే. అది పట్టు వదిలిన చోటే బిగుసుకుపోతే ఆ సిలిండర్ ఎనిమిది అంకె ఉన్నప్పుడు కూడా చచ్చుగా ఉంటుంది. వైరు తీశాక బండి నున్నగా పోయిందంటే మీ రాకర్లు బాగానే ఉన్నాయి.

పాదం కదలకుండానే అంకె గంతులేస్తోందంటే, కంప్యూటర్‌కు అందే సమాచారమే నిలకడగా లేదు. నా అనుమానం థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ మీద, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు (థ్రాటిల్) ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కు చెప్పే దాని మీద. ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుని లోపలి పట్టీ అరిగిపోతుంది, సరిగ్గా హైవే వేగం దగ్గరే. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేసి, సెన్సార్ సిగ్నల్ వైరుకు సూది ఉన్న పాత మీటరు తగిలించి, థ్రాటిల్‌ను చేత్తో మెల్లగా తెరవండి. సూది ఆగకుండా పైకి పాకాలి. మధ్యలో ఎక్కడైనా తటాలున పడి లేచిందా, దొంగ దొరికినట్టే. అంకెల మీటరు ఇక్కడ పనికిరాదు, అది చూపేలోపే ఆ క్షణం దాటిపోతుంది.

తప్పుల కోడ్‌లు కూడా చూడండి. ఏసీ ప్యానెల్‌లో ఆఫ్, వార్మర్ బటన్లు రెండూ కలిపి నొక్కి పట్టుకుంటే ఉష్ణోగ్రత అంకెల చోట కోడ్‌లు కనిపిస్తాయి. కానీ కోడ్ లేదని సెన్సార్‌ను వదిలేయకండి. వైరు తెగినా షార్ట్ అయినా కంప్యూటర్ పట్టుకుంటుంది, కాస్త అరుగుదలను పట్టుకోలేదు.

ప్రశ్న వేసినవారు

కోడ్‌లేమీ రాలేదు. సూది మాత్రం థ్రాటిల్ పావు వంతు తెరుచుకున్న చోట టక్కున పడి లేచింది. సెన్సార్ మార్చి వైరు మళ్లీ తగిలించాను. ఇప్పుడు అంకె ఎత్తులు, పల్లాలు వచ్చినప్పుడే మారుతోంది. మార్పు కొద్దిగా తెలుస్తుంది కానీ కుదుపు అనలేం. సిగ్నల్ దగ్గరి వణుకుకు కారణం థ్రాటిల్ బాడీ వెనక పగిలిన వాక్యూమ్ గొట్టం. వేలు పెట్టి మూస్తే వణుకు ఆగింది, తీస్తే మొదలైంది. కొత్తది వేశాను. ఇంకొక్క సందేహం: ఊళ్లో తిరిగేటప్పుడు ఎనిమిదితోనే నడవడం ఇష్టం. ఆ వైరుకు డాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టుకోవచ్చా?

సమాధానం (మిషిగన్ నుంచి)

పెట్టుకోవచ్చు, చాలామంది అదే చేశారు. అసలు వైరును కోయకండి. రెండు చివరలా సరిపడే కనెక్టర్లతో విడి వైరు చేయించి, మధ్యలో స్విచ్ వేయండి. ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా లాగండి, లేకపోతే వచ్చే వేసవికి పైపొర కరిగి మళ్లీ ఇక్కడికే వస్తారు.