పెగాసస్ అంటే ఒక్క గుర్రమా, జాతా?

ప్రశ్న: పెర్సీ జాక్సన్ నవలల్లో రెక్కల గుర్రాలు (పెగాసస్‌లు) చాలానే ఉంటాయి, నల్లటి బ్లాక్‌జాక్ అయితే పెర్సీతో మాట్లాడుతుంది కూడా. అసలు గ్రీకు కథల్లోనూ ఇంతేనా?

జవాబు: కాదండీ. పెగాసస్ ఒక్క గుర్రం పేరే. పెర్సియస్ అనే వీరుడు, పాముల జుట్టున్న మెడూసా తల నరికినప్పుడు పుట్టింది, తండ్రి సముద్రానికీ గుర్రాలకూ దేవుడైన పొసైడన్. పెలాప్స్ అనే రాజు రథానికీ రెక్కల గుర్రాలున్నాయి గానీ వాటిని పెగాసస్‌లు అనరు. పెర్సీ కూడా పొసైడన్ కొడుకే కాబట్టి గుర్రాల మాట అర్థమవుతుంది, ఆ లింకు బాగా కుదిరింది.

ఇంకొకరు: మరి 1981 సినిమా ‘క్లాష్ ఆఫ్ ద టైటాన్స్’లో పెగాసస్‌ను పెర్సియసే ఎక్కాడుగా?

జవాబు: అది తర్వాతి కాలం వాళ్ల కల్పన, సినిమా దాన్నే వాడుకుంది. పాత కథలో ఎక్కింది బెల్లెరోఫాన్ అనే వీరుడు, ఎథీనా దేవత ఇచ్చిన బంగారు కళ్లెంతో. కైమీరా అనే వింత మృగాన్ని చంపాక పొగరెక్కి దేవతలుండే ఒలింపస్‌కే ఎగరబోతే దేవతల రాజు జ్యూస్ జోరీగను పంపాడు, అది గుర్రాన్ని కుట్టింది, ఇతను కిందపడ్డాడు. గుర్రం మాత్రం పైకెళ్లి జ్యూస్‌కి పిడుగులు మోసే ఉద్యోగంలో చేరింది (నాకు నచ్చే ముక్క ఇదే). ఇంత కథ ఉన్నదాన్ని కొత్త ఫాంటసీల్లో చాలామంది ఉత్త వాహనం చేసేస్తుంటే చిరాకేస్తుంది.