స్కేలింగ్ 150 ఉన్న ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేస్తే స్లైడ్‌లో అక్షరాలు బాక్స్ దాటిపోతున్నాయి, ఎందుకు?

స్లైడ్_పని:
ఒక ట్రైనింగ్ మాడ్యూల్ ఇద్దరం పంచుకుని చేస్తున్నాం. విండోస్‌లో స్కేలింగ్ (తెర మీద అన్నీ ఎంత పెద్దగా చూపించాలనే సెట్టింగ్) నాది 100 శాతం, మా కొలీగ్‌ది 150. నేను 18 పాయింట్లలో టైప్ చేసి పంపితే అటు ఓపెన్ చేయగానే అక్షరాలు పెద్దవైపోయి చివరి లైను బాక్స్ కిందకి జారిపోతోంది, ఫాంట్ సైజు చూస్తే అక్కడా 18 అనే ఉంది! తను సర్ది పంపితే నా దగ్గర మరీ చిన్నగా వస్తోంది. ఫాంట్ ఒకటే, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటే. తెలుగు స్లైడ్లయితే ఇంకా ఘోరం, రాష్ట్రం అని రాస్తే కింద వత్తులు తెగిపోతున్నాయి. ఏం చేయాలి?

పిక్సెల్_గోల:
ఫాంట్ తప్పేం లేదండి. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు, స్లైడ్ కొలత ఏమో పిక్సెల్స్‌లో ఉంటుంది, మధ్యలో లెక్క కట్టడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు సిస్టమ్ డీపీఐని (అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అనే లెక్క) అడుగుతాయి, గొడవంతా అక్కడే. 100 శాతంలో డీపీఐ 96 కాబట్టి 18 పాయింట్లు 24 పిక్సెల్స్ అవుతుంది. 150లో డీపీఐ 144, అదే 18 కాస్తా 36 పిక్సెల్స్. బాక్స్ మాత్రం ఉన్నంతే ఉంటుంది, ఇక పట్టేదెలా? బాక్స్‌నీ అక్షరాన్నీ కలిపి పెంచే సాఫ్ట్‌వేర్‌లో ఈ బాధ ఉండదు, మీది అలా చేయట్లేదు. కాబట్టి ఫైల్ ముట్టుకునే అందరూ 100లోనే పని చేయండి. మార్చాక సైన్ అవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వాలి, పాత తరహా ప్రోగ్రాములు లాగిన్ అప్పటి డీపీఐనే పట్టుకుని కూర్చుంటాయి.

స్లైడ్_పని:
అర్థమైంది, థాంక్స్. కానీ తనది 4కే స్క్రీన్ (3840×2160 పిక్సెల్స్), 100 పెడితే మెనూలు అస్సలు కనపడవు అంటోంది.

రాత్రి_డ్యూటీ:
4కే అయితే రిజల్యూషన్‌ని 1920×1080కి దించి స్కేలింగ్ 100 పెట్టమనండి, సరిగ్గా సగం కాబట్టి అక్షరాల అంచులు కాస్త మెత్తబడినా చదవొచ్చు. అది నచ్చకపోతే ప్రోగ్రామ్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, అందులో హై డీపీఐ సెట్టింగ్స్ మార్చేది ఉంటుంది, ఓవర్‌రైడ్ టిక్ పెట్టి సిస్టమ్ అని ఎంచుకోండి. అప్పుడు ప్రోగ్రామ్ 96 అనుకునే లెక్క కడుతుంది, విండోస్ ఆ బొమ్మని సాగదీసి చూపిస్తుంది. మసగ్గా ఉంటుంది మరి, రోజంతా చూడ్డం కష్టమే, కానీ లేఅవుట్ చెడదు. ఇంకోటి, యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ సైజ్ అని విడిగా ఒక స్లైడర్ ఉంటుంది, దానికీ స్కేలింగ్‌కీ సంబంధం లేదు, చాలామంది అది తిప్పి ఏమీ మారలేదంటారు.

పిక్సెల్_గోల:
వత్తుల సంగతి కొంచెం వేరు. లైన్ స్పేసింగ్ ఇన్ని పాయింట్లని ఫిక్స్ చేసి ఉంటే తీసేసి శాతంలో పెట్టండి. తెలుగులో కిందకి దిగే వత్తులకి ఇంగ్లీష్ కంటే ఎక్కువ జాగా కావాలి, రాష్ట్రంలో ఒక వత్తు కాదు రెండు కదా. ఇప్పటికే 150లో సేవ్ అయిన స్లైడ్లు వాటంతట అవి బాగవ్వవు, 100లో ఓపెన్ చేసి సైజులు మళ్ళీ ఇచ్చుకోవాల్సిందే.