జాన్ మేజర్ కౌన్సిలర్ రోజుల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారమండి. బ్రిటన్ మాజీ ప్రధాని జాన్ మేజర్ మీద వ్యాసం రాస్తున్నాను. ఆయన 1968లో లండన్‌లోని లాంబెత్ కౌన్సిలర్‌గా గెలిచారు, హౌసింగ్ కమిటీ చైర్మన్ కూడా అయ్యారు. 1971లో సీటు పోయింది. 1974లో సెయింట్ పాంక్రాస్ నార్త్ నుంచి పార్లమెంటుకు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడారు. 1979లో హంటింగ్డన్‌షైర్ ఎంపీ, 1990లో ప్రధాని. ఆ తర్వాతి కథ ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావాల్సింది ఇళ్ల కమిటీలో ఆయన చేసిన పని. అసలు నాయకుడు తయారైంది అక్కడేనని నా అనుమానం. అప్పటి కౌన్సిల్ మినిట్స్, స్థానిక పత్రికలు హైదరాబాద్ నుంచే చూసే వీలుందా? లండన్‌లో ఉన్న మనవాళ్లెవరైనా లాంబెత్ ఆర్కైవ్స్‌కి వెళ్లి ఉంటే, కాపీలు ఈమెయిల్‌లో పంపుతారో లేదో, ఫీజు ఎంతో కాస్త చెప్పండి.