పారానార్మల్ ఆక్టివిటీ, పారానార్మల్ ఎంటిటీ: రెండూ ఒకటేనా?

ప్రశ్న: శనివారం రాత్రి రూమ్‌లో అందరం కలిసి దెయ్యం సినిమా చూద్దామనుకుంటున్నాం. ఇంట్లో కెమెరా పెట్టి రాత్రంతా రికార్డు చేస్తారు చూడండి, అది. అద్దెకు తీసుకుందామని వెతికితే ‘పారానార్మల్ ఆక్టివిటీ’, ‘పారానార్మల్ ఎంటిటీ’ అని రెండు కనిపించాయి. ట్రైలర్లు చూసినా తేడా తెలియట్లేదు. రెండోది సీక్వెలా? డబ్బులు కట్టకముందే ఎవరైనా చెప్పండి.

జవాబు: సీక్వెల్ కాదండీ, అసలు సంబంధమే లేదు. మీరు అంటున్నది ఆక్టివిటీ. ఓరెన్ పెలీ తీశాడు, పారామౌంట్ విడుదల చేసింది. ఎంటిటీ మాత్రం కాలిఫోర్నియాలోని ది అసైలమ్ అనే కంపెనీది. ఏదైనా పెద్ద సినిమా వస్తోందంటే చాలు, దాన్ని తలపించే పేరుతో చవకగా ఒకటి చుట్టేసి డీవీడీ మీదికి వదులుతారు. మాక్‌బస్టర్లు అంటారు వీటిని. 2006లో ‘స్నేక్స్ ఆన్ ఎ ప్లేన్’ వస్తుంటే వీళ్లు ‘స్నేక్స్ ఆన్ ఎ ట్రెయిన్’ దించారు. పాములు పాములే, విమానం బదులు రైలు! 2009 సెప్టెంబర్‌లో ఆక్టివిటీ థియేటర్లకొస్తే, డిసెంబర్‌కల్లా ఎంటిటీ డీవీడీ షాపుల్లో ఉంది.

మరొకరు: క్వాలిటీ చూస్తే తెలిసిపోదా బ్రో?

జవాబు: రోబోలు, డైనోసార్ల సినిమాలైతే గ్రాఫిక్స్ చూడగానే బండారం బయటపడుతుంది. ఇక్కడ ఆ పప్పులుడకవు. ఎందుకంటే ఆక్టివిటీ కూడా చవక సినిమానే. శాన్ డియేగోలో పెలీ సొంత ఇంట్లోనే, సుమారు 15 వేల డాలర్లతో తీశారు. పారామౌంట్ చేతిలో పడ్డాక ప్రపంచమంతా కలిపి 19 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందుకే బొమ్మ నాసిగా ఉంటే నకలు అనుకోకండి, ఆ ఇంట్లో ఎవరున్నారో చూడండి. కేటీ, మైకా అనే పెళ్లికాని జంట ఉంటే అది ఆక్టివిటీ. పడకగదిలో స్టాండు మీద కెమెరా, మంచం పక్కన తెరిచి ఉన్న తలుపు, తెర మూలన పరిగెత్తే టైమ్. నేల మీద పౌడర్ చల్లితే మనిషివి కాని అడుగులు పడతాయి, నన్నడిగితే సినిమా మొత్తానికీ అదే అసలైన సీను. తల్లి, కొడుకు, కూతురు ఉన్న ఇల్లయితే ఎంటిటీ.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. ఇంత పచ్చిగా కాపీ కొడితే కేసు వేయరా?

మరో సభ్యుడు: వేసినవీ ఉన్నాయి. 2012లో ‘ది హాబిట్’ అనే పెద్ద సినిమా వస్తుంటే ఇదే కంపెనీ ‘ఏజ్ ఆఫ్ ది హాబిట్స్’ అని దించబోయింది. ఆ సినిమా తీసిన వార్నర్ బ్రదర్స్ వాళ్లూ మరికొందరూ కోర్టుకెళ్లి ఆపించారు. చివరికి ‘క్లాష్ ఆఫ్ ది ఎంపైర్స్’ అని పేరు మార్చుకోవాల్సి వచ్చింది. అక్కడ హాబిట్ అన్నదానికి ట్రేడ్‌మార్కు ఉంది. పారానార్మల్ ఎవరి సొత్తూ కాదు, ఇంట్లో కెమెరా పెట్టి దెయ్యాన్ని పట్టే ఐడియాకు కాపీరైటూ ఉండదు.

జవాబు: ఇంకో మాట. ‘8213: గేసీ హౌస్’ అనేదాన్ని కొన్నిచోట్ల ఎంటిటీ 2 అని కూడా అమ్మారు, అదీ ఈ కంపెనీదే. పోస్టర్ నమ్మకుండా వివరాల్లో డైరెక్టర్ పేరు చూసి నొక్కండి. ఓరెన్ పెలీ అని ఉండి, పేరు చివర అంకె లేకపోతే మీకు కావలసింది అదే. లైట్లు ఆపేసి, టీవీ సౌండ్ కాస్త పెంచి చూడండి. ఇందులో భయమంతా చిన్న చిన్న చప్పుళ్లలోనే ఉంది, ఒకడు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే అందరికీ పోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఎంటిటీ అసలు చూడదగ్గదేనా మరి?

జవాబు: ఆ కంపెనీ సరుకులో మెరుగైనదే. షేన్ వాన్ డైక్ డైరెక్ట్ చేసి, కొడుకు పాత్ర కూడా తనే వేశాడు. తమాషా ఏంటంటే, 2012లో వచ్చిన ‘చెర్నోబిల్ డైరీస్’ స్క్రీన్‌ప్లేలో ఇతని పేరు, పెలీ పేరు పక్కపక్కనే ఉంటాయి.