‘ఎత్తుకు పైఎత్తు’ పోకెమాన్ ఆటకు సరిపోతుందా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి):

నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆదివారం ఆదివారం పోకెమాన్ పోటీలు పెట్టుకుంటారు. రకరకాల శక్తులున్న వింత ప్రాణులను (వాటినే పోకెమాన్ అంటారు) ఒకదాని మీదికి ఒకటి దించి పోరాడించే వీడియో గేమ్ అది. తెలుగు పిల్లలే ఎక్కువ, కన్నడ పిల్లలూ ఉన్నారు. ఈసారి మా అబ్బాయి తెలుగులో కామెంటరీ చెప్తానన్నాడు. వాళ్లు మాటిమాటికీ ‘ప్రెడిక్ట్ చేశాడు’ అంటారు కదా, దానికి ‘ఎత్తుకు పైఎత్తు వేశాడు’ అనమన్నాను. (పక్కింటి కన్నడ పిల్లవాడు ‘ఎత్తు అంటే ఎద్దు కదా ఆంటీ’ అన్నాడు. వాళ్ల భాషలో అంతే మరి.) మావారు మాత్రం ఒప్పుకోవడం లేదు. అది చదరంగం మాట, అవతలివాడు ఎత్తు వేశాక వేసేదే పైఎత్తు, ఈ ఆటలో ఇద్దరూ ఒకేసారి నొక్కుతారు కాబట్టి కుదరదు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు (మల్లేశ్వరం నుంచి):

కుదురుతుందమ్మా. నన్నడిగితే చదరంగం కంటే ఈ ఆటకే ఎక్కువ కుదురుతుంది.

మీవారు చెప్పిన తేడా నిజమే. పోకెమాన్‌లో ప్రతి టర్న్‌కీ ఇద్దరూ ఎవరి నిర్ణయం వాళ్లు చాటుగా తీసుకుంటారు, తర్వాతే రెండూ బయటపడతాయి. సాధారణంగా ముందు స్విచ్‌లు (ఉన్నదాన్ని వెనక్కి పిలిచి ఇంకోదాన్ని దించడం), తర్వాత ప్రయారిటీ ఉన్న మూవ్‌లు (స్పీడ్‌తో పనిలేకుండా ముందే పడే దెబ్బలు, ఎత్తుగడలు), ఆపైన స్పీడ్‌ను బట్టి మిగతావి. కానీ మన భాషలో ఎత్తు అంటే పావు కదపడం ఒక్కటేనా? ‘వాడేదో ఎత్తు వేస్తున్నాడు’ అంటాం. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు, ఆలోచన వాడి బుర్రలోనే ఉంది. దాన్ని పసిగట్టి ముందే కాచుకుంటే అదే పైఎత్తు. ‘ఊహించాడు’ అంటే సగమే చెప్పినట్టు. ఊహించి ఊరుకోవడం కాదు, ఆ ఊహ మీద పందెం కాశాడు.

ఒక్క టర్న్ చూడండి. మీ అబ్బాయిది గ్యారడోస్ అనే పోకెమాన్, ఎదుట కరెంటు దెబ్బలు కొట్టే ఎలెక్టివైర్. ప్రతి పోకెమాన్‌కూ ఒకటో రెండో టైప్‌లు, అంటే జాతులు ఉంటాయి; ఏ దెబ్బ ఎంత తగులుతుందో వాటిని బట్టే. గ్యారడోస్‌ది వాటర్, ఫ్లయింగ్ టైప్ కాబట్టి కరెంటు దెబ్బ నాలుగింతలు తగులుతుంది. థండర్ పంచ్ పడిందంటే దాదాపు అయిపోయినట్టే. అనువుగాని చోట అధికులమనరాదని దాన్ని వెనక్కి పిలిచి గార్చాంప్‌ను దించుతాడు. గార్చాంప్ గ్రౌండ్ టైప్, కరెంటు దాన్నేమీ చేయదు. ఇది ఎత్తు.

అవతలి పిల్లవాడు దీన్ని కనిపెట్టి థండర్ పంచ్ మానేసి ఐస్ పంచ్ నొక్కుతాడు. గార్చాంప్ డ్రాగన్, గ్రౌండ్ రెండూ కాబట్టి మంచు దెబ్బ దానికి నాలుగింతలు. దిగీ దిగగానే పడిపోవచ్చు. ఇది పైఎత్తు.

ఇప్పుడు మీవాడు అది కూడా ముందే పసిగట్టి, గ్యారడోస్‌ను అసలు కదపకుండా ఎర్త్‌క్వేక్ నొక్కాడనుకోండి. ఐస్ పంచ్ గ్యారడోస్‌కు మామూలు దెబ్బే. ఎర్త్‌క్వేక్ మాత్రం ఎలెక్టివైర్‌కు రెండింతలు. పైఎత్తు మీద ఇంకో పైఎత్తు. బయట నుంచి చూసేవాళ్లకు ‘వీడు స్విచ్ చేయడం మర్చిపోయాడేమో’ అనిపిస్తుంది. కామెంటరీ చెప్పేవాడి పని అక్కడే ఉంది, జరగని స్విచ్ గురించి కూడా చెప్పాలి.

అయితే ప్రతి టర్న్‌కీ పైఎత్తే వేయాలనుకునే పిల్లలు తొందరగా ఓడిపోతారు. తప్పితే పోయేది ఎంత, నెగ్గితే వచ్చేది ఎంత అని ముందు లెక్క వేసుకోవాలి. పైన చెప్పిన చోట గ్యారడోస్‌ను ఉంచేయడం పెద్ద సాహసం, థండర్ పంచ్ వస్తే కథ ముగిసినట్టే. అదే జట్టులో స్వాంపర్ట్ ఉందనుకోండి. అది వాటర్, గ్రౌండ్. కరెంటు తగలదు, మంచు మామూలుగానే తగులుతుంది. అవతలివాడు ఆ రెండు పంచ్‌లలో ఏది నొక్కినా దాన్ని దించితే గండం గడుస్తుంది. ఈ ఆట లోతు నాకు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మంచి జట్టు ఉన్నవాడికి అవతలివాడి మనసు చదవాల్సిన అవసరం తక్కువ. అలాంటి చోట ‘పైఎత్తు వేశాడు’ అనొద్దని మీ అబ్బాయికి చెప్పండి. ‘కాచుకున్నాడు’ చాలు.

ప్రశ్న (అదే ఇంటి నుంచి):

మావారికి చదివి వినిపించాను, ఒప్పుకున్నారు! ఇంకొక్కటండీ. ఇద్దరిద్దరు దిగే డబుల్స్‌లో ‘ఫాలో మీ’ అని ఒక మూవ్ ఉంది. అది వాడితే అవతలివాళ్లు పక్కదానికి గురిపెట్టిన దెబ్బలు దీని మీదికి వస్తాయి. దాన్నేమనాలి? ‘ఎర’ అంటే బాగుంటుందా?

జవాబు:

ఎర వద్దమ్మా. ఎర అంటే ఆశపడి వచ్చి చిక్కుకోవడం. ఇక్కడ అవతలివాడు ఆశపడలేదు, దెబ్బ బలవంతంగా మళ్లింది. మనకు ‘నెత్తిన వేసుకోవడం’ ఉంది కదా. పక్కవాడికి తగలాల్సింది తన నెత్తిన వేసుకుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతుంది.

దీనికి 2014 ప్రపంచ పోటీని మించిన ఉదాహరణ లేదు. వాషింగ్టన్‌లో జరిగింది, దక్షిణ కొరియా ఆటగాడు సేజున్ పార్క్ గెలిచాడు. అతని జట్టులో పచిరిసు అనే చిన్న ఉడుత ఉంది. దాని సామర్థ్యాలన్నీ కలిపితే 405, అదే జట్టులోని గ్యారడోస్‌కు 540. కానీ పచిరిసుకు వోల్ట్ అబ్జార్బ్ ఉంది. కరెంటు తగిలితే దెబ్బ తినకపోగా కోలుకుంటుంది. గ్యారడోస్ మీదికి వచ్చే కరెంటును ఫాలో మీతో తన నెత్తిన వేసుకుంటుంది, పక్కన గ్యారడోస్ తన పని తాను చేసుకుపోతుంది. బలమైనవే ఏరుకునే పోటీలో దాన్ని తెచ్చి నిలబెట్టడం, చెప్పాలంటే, మొదటి టర్న్‌కు ముందే వేసిన ఎత్తు. ఆ పోటీల్లో ఆరింటిని చూపించి నాలుగింటినే ఆడిస్తారు. ఆ నాలుగింటిని 15 రకాలుగా ఎంచుకోవచ్చు. పచిరిసు వస్తుందా రాదా అన్న టెన్షన్ అవతలివాడికి అక్కడే మొదలవుతుంది.

స్కోరు బోర్డు మీద రాసేటప్పుడు ‘పైఎత్తు’ కలిపే రాయమనండి. విడదీసి ‘పై ఎత్తు’ అని రాస్తే, పక్కింటి పిల్లవాడి ఎద్దు మాట అటుంచి, మన పిల్లలే గోడ ఎత్తు అనుకుంటారు.