రెండో తరగతి పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి 'ఇలాగే వేయండి' అనొచ్చా?

ఉప్పల్ అమ్మ:
మా పాప రెండో తరగతి. శుక్రవారం డ్రాయింగ్ పీరియడ్. ఆ రోజు ఇంటికి రాగానే షూ కూడా విప్పకుండా పుస్తకం తెరిచి చూపించడం దాని అలవాటు. మొన్న చూపించలేదు. రాత్రి బ్యాగు సర్దుతుంటే నేనే చూశాను. టీచర్ బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు వేసి అందరినీ అదే వేయమన్నారట. ఇది కొండలు వేసింది గానీ, గుడిసె ఉండాల్సిన చోట మెట్రో రైలు వేసింది. రైలు లోపలున్న వాళ్ళందరూ చెప్పులతో సహా బయటికి కనిపిస్తున్నారు, వాళ్ళ నానమ్మ మాత్రం రైలు కంటే పొడుగు. ఎందుకమ్మా అంటే, మొన్న ఉప్పల్ నుంచి అమీర్‌పేట దాకా సీటు దొరక్క నానమ్మ మోకాళ్ళ నొప్పితో నిలబడే ఉంది కదా అంది. టీచర్ ఆ రైలు మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పైన తనే గుడిసె వేసి, 'నీట్‌గా వేయాలి' అని రాశారు. పదికి నాలుగు.

ఏడేళ్ళ పిల్లకు బొమ్మ నేర్పడమంటే ఇదేనా? చూసి వేయడం అనేదే ఈ వయసులో వద్దని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

మారేడ్‌పల్లి నాన్న:
ఎర్ర పెన్ను తప్పే, ఒప్పుకుంటాను. కానీ అక్కడి నుంచి మీరు 'చూసి వేయడమే వద్దు' దాకా వెళ్ళిపోయారు, దానికి నేను ఒప్పుకోను. సరళీ వరుసలు రాకుండా నీ ఇష్టం వచ్చినట్టు పాడుకో అంటామా? చూచిరాత లేకుండా దస్తూరీ కుదురుతుందా? మా బాబు మూడో తరగతి. నిరుడు ఎండాకాలంలో ఒక క్యాంపులో చేర్పిస్తే, కాగితాలు చేతికిచ్చి ఏదైనా వేసుకోండి అని వదిలేశారు. నెల రోజులూ వాడు అదే కారు వేశాడు. పక్క పిల్లలకు వచ్చింది తనకు రాదని వాడికే అనిపించి పెన్సిల్ పట్టడం మానేశాడు. తర్వాత మా వీధిలో ఒక మాస్టారు స్టీలు గ్లాసు ముందు పెట్టి, అంచు పైనుంచి చూస్తే గుండ్రంగా, ఏటవాలుగా చూస్తే కోలగా ఎందుకు కనిపిస్తుందో చూపించారు. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ బొట్టూ ఆ చీర రంగూ చూడగానే ఇది తోట వైకుంఠం గారి బొమ్మ అని చెప్పేస్తాం కదా, అంత సొంత ముద్ర ఉన్న ఆయన కూడా బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నవారే.

డ్రాయింగ్ మాస్టర్:
19 ఏళ్ళుగా ప్రైవేటు స్కూళ్ళలో డ్రాయింగ్ చెబుతున్నాను, లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు రెండూ పాసయ్యాను. ఆ రెండు కొండలు నేనూ కొన్ని వందల సార్లు వేయించాను. క్లాసుకు 45 మంది, వారానికి ఒక్క పీరియడ్, 40 నిమిషాలు, అందులో పది నిమిషాలు పెన్సిళ్ళు చెక్కుకోవడానికే పోతాయి. పేరెంట్స్ మీటింగులో పుస్తకం ఎందుకు నిండలేదని అడుగుతారు, నిండితే బొమ్మ బొమ్మలా లేదేమని అడుగుతారు. అందరిదీ ఒకే గుడిసె అయితే ఎవరూ ఏమీ అడగరు.

పాప బొమ్మ తప్పు బొమ్మ కాదమ్మా, ఆ వయసు బొమ్మ. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో అచ్చయిన తన పుస్తకంలో ఇది వివరంగా రాశాడు. సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య పిల్లలు అన్నిటినీ ఒక నేల గీత మీద నిలబెడతారు, గోడ వెనకున్నది కూడా కనిపించేలా వేస్తారు, మనసుకు ముఖ్యమైన మనిషిని పెద్దగా వేస్తారు. కంటికి కనిపించింది కాదు, తమకు తెలిసింది వేస్తారు. తొమ్మిది దాటే వేళకు 'నా బొమ్మ నిజందిలా లేదే' అని వాళ్ళకే దిగులు మొదలవుతుంది, గ్లాసు అంచు అప్పుడు చెప్పాలి. సార్, మీ బాబు ఆ దిగులు దగ్గరికి వచ్చాడు కాబట్టి మాస్టారు చెప్పింది అందింది. వైకుంఠం గారు బరోడా వెళ్ళింది పెద్దయ్యాక.

లోవెన్‌ఫెల్డ్ మాటే వేదం అని నేననను. రంగులు నింపే పుస్తకాలే వద్దన్నాడు ఆయన. ఆ తర్వాత బ్రెంట్ విల్సన్ లాంటి కళావిద్య పరిశోధకులు, పిల్లలు ఎలాగూ ఒకరి బొమ్మ చూసి ఒకరు నేర్చుకుంటారని వాదించారు. నా క్లాసులో రెండూ చూశాను.

వనస్థలిపురం అక్క:
నాకు పుస్తకాల సంగతి తెలియదు, ముగ్గుల సంగతి తెలుసు. 7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్కలు. మా అమ్మ పెట్టి చూపించింది, నేను పక్కనే కూర్చుని అదే పెట్టాను. చుక్క తప్పితే గీత కలవదు, చెరిపి మళ్ళీ పెట్టుకునేదాన్ని, అమ్మ వచ్చి నా ముగ్గు మీద తన ముగ్గు వేయలేదు. సంక్రాంతి నెల సగమయ్యేసరికి అవే చుక్కల్లో అమ్మ వేయని చిలకలు నేను వేశాను. కాబట్టి మారేడ్‌పల్లి తమ్ముడు చెప్పేదీ నాకు తప్పనిపించడం లేదు. పాప బొమ్మ మీద గుడిసె వేశారే, అది మాత్రం చదువుతుంటేనే కడుపులో కలుక్కుమంది.

పాతబస్తీ టీచర్:
ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల నాది. మాకు డ్రాయింగ్ మాస్టర్లే ఉండరు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి, ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ బోధకులు అన్న మాట ఆరు నుంచి ఎనిమిదో తరగతికే ఉంది, అదీ వంద మందికి పైగా పిల్లలుంటేనే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ మాటే లేదు. లెక్కలూ తెలుగూ చెప్పే మేమే బొమ్మలూ చెప్పాలి, మాకు ఎవరూ నేర్పలేదు. పాప టీచర్‌ను పూర్తిగా తప్పుపట్టలేకపోతున్నాను.

కానీ చూడటం నేర్పడానికి ట్రైనింగ్ అక్కర్లేదు. పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే అందరూ గంట కొట్టే గడియారం దగ్గరే నిలబడతారు కదా. పోయినసారి ఆ గంట అయ్యాక, ఒక్కొక్కరు ఒక్క వస్తువు దగ్గర అయిదు నిమిషాలు కదలకుండా ఉండండి అన్నాను. ఒక బాబు బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర ఆగిపోయి, 'టీచర్, అది రాయి గదా, ముసుగులోంచి ముఖం ఎట్ల కనిపిస్తుంది?' అన్నాడు. మర్నాడు బడిలో ముందు కళ్ళు, ముక్కు, నోరు అన్నీ వేసి, వాటి మీద పైనుంచి కిందికి సుద్దముక్కతో తెల్లటి సన్న గీతలు లాగాడు, మధ్యమధ్యలో వేలితో అద్దాడు. గీతలు ఎట్ల గీయాలో నేను చెప్పలేదు.

మారేడ్‌పల్లి నాన్న:
టీచర్ గారూ, ఆ బాబు గురించి చదివి సంతోషమేసింది. కానీ వాడికి మీరు ఒక వస్తువు చూపించారు, సమయమిచ్చారు, అదీ నేర్పడమే. నా భయమల్లా 'స్వేచ్ఛ' పేరు చెప్పి ఏమీ నేర్పకుండా వదిలేసేవాళ్ళ గురించి. ఫీజు కట్టి పంపితే బిడ్డకు చేయి తిరిగిందో లేదో నాకెలా తెలియాలి? మార్కులూ వద్దంటే ఇంకేం చూడాలి?

డ్రాయింగ్ మాస్టర్:
సార్, వదిలేయమని నేనూ అనను. రెండేళ్ళుగా నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి పది నిమిషాలు సామాను గురించే నేర్పుతాను. క్రేయాన్ కాగితం ఊడదీసి అడ్డంగా పడుకోబెట్టి రుద్దితే ఏమవుతుంది, పసుపు మీద నీలం రుద్దితే ఏ పచ్చ వస్తుంది, నీలం మీద పసుపు రుద్దితే ఏది, ఇలాంటివి. తర్వాత బొమ్మ ఇవ్వను, ఒక సంగతి ఇస్తాను. 'మీ వీధికి నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజు' అని ఒకసారి ఇచ్చాను. ఒక పాప కాగితమంతా బిందెలే వేసింది, 31 బిందెలు, ట్యాంకర్ మూలన ఇంత. ఎవరైనా 'సార్, చక్రం రావట్లేదు' అంటే, నా కాగితం మీద వేసి చూపిస్తాను. వాళ్ళ కాగితం ముట్టుకోను.

మార్కుల బదులు టర్ముకో బొమ్మ తారీఖు వేసి దాచిపెడతాను. జూన్ బొమ్మ, ఫిబ్రవరి బొమ్మ పక్కపక్కన పెడితే మీకే తెలుస్తుంది, చేయి తిరిగిందో లేదో. ప్రిన్సిపాల్ మాత్రం ఇంకా మార్కులు అడుగుతూనే ఉన్నారు.

ఉప్పల్ అమ్మ:
ఇవాళ వెళ్ళి టీచర్‌ను కలిశాను. పాతబస్తీ టీచర్ గారు చెప్పినట్టే ఆమె క్లాస్ టీచరే, డ్రాయింగ్ కూడా ఆమెకే అంటగట్టారు. గొడవకు వచ్చానేమో అనుకున్నారు. నానమ్మ సంగతి చెబితే ఆ పేజీ మళ్ళీ తీసి చాలాసేపు చూశారు, 'నేను అడిగి ఉండాల్సింది' అన్నారు. ఇకపై పిల్లల పేజీ మీద రాయనన్నారు. మార్కుల కాలమ్ మాత్రం తన చేతిలో లేదట, స్కూల్ యాప్‌లో ఖాళీగా వదిలితే ఒప్పుకోదట.

చూసి వేయడం మొత్తానికే వద్దని మొదట రాశాను, అక్క ముగ్గుల మాట చదివాక అంత గట్టిగా అనలేను. మార్కుల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. శనివారం పేరెంట్స్ మీటింగులో అడుగుతాను. మాస్టర్ గారూ, మీ పిల్లల జూన్, ఫిబ్రవరి బొమ్మలు ఒక జత పేర్లు కనిపించకుండా ఫోటో తీసి పెట్టగలరా? ప్రిన్సిపాల్‌కు చూపించాలి.